జపానువారి సోబా బల్లయొద్ద



జపాను వెళ్లి వచ్చినవారు సాధారణంగా అక్కడి వేగపు రైళ్లను గూర్చి, ఫూజీ పర్వతమును గూర్చి, వీధుల శుభ్రతను గూర్చి వ్రాస్తారు. అవన్నీ నిజమే. అయితే సంఘ కూడికల నిమిత్తం నేనక్కడ గడిపిన కొద్ది రోజుల్లో నా మనస్సులో ఎక్కువగా నిలిచిపోయింది టోక్యో నగరంలోని ఒక చిన్న భోజనశాల. అక్కడ పెట్టేది సోబా.

సోబా అంటే ఒక రకం నూడుల్స్. మన పిల్లలు పొట్లం చింపి రెండు నిమిషాల్లో వండుకొనే నూడుల్స్ వంటివి కావు. బూడిద కలిసిన మట్టి రంగులో, సేమియాకంటే కాస్త లావుగా, మూరెడు పొడవుగా ఉంటాయి. దీని పిండి బక్‌వీట్ అనే మొక్క గింజలనుండి వస్తుంది. పేరు చివర వీట్ అని ఉన్నా గోధుమకు దీనికి చుట్టరికం లేదు. మన చుక్కకూర ఏ కుటుంబానికి చెందిందో ఇదీ ఆ కుటుంబపు మొక్కే. మూడు పలకల చిన్న నల్లని గింజ. ఉత్తరాదివారు ఉపవాస దినాల్లో రొట్టెలు చేసుకొనే కుట్టు పిండి ఇదే.

విత్తిన రెండున్నర నెలలకు కోతకు వస్తుంది. వరి పండని చలి కొండల్లో, సారం లేని నేలల్లో కూడా పండుతుంది. కాబట్టి ఒకప్పుడు అది కొండప్రాంతపు బీదల తిండి. మనకు జొన్న, చోడి ఎలాగో వారికి సోబా అలాగు. మొదట ముద్దగా, జావగా తినేవారు. తరిగిన సోబాను గూర్చిన పాత వ్రాతల్లో ఒకటి 1574 నాటిది. నగానో ప్రాంతంలోని ఒక బౌద్ధ మఠంలో దొరికింది. తరువాత ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధివీధికీ సోబా అంగళ్లు వెలిశాయి.

ఆ నగరంలో తెల్లగా దంచిన బియ్యం తినడం గొప్పగా ఎంచేవారు. దాని ఫలితంగా కాళ్లు తిమ్మిరెక్కి మనుష్యులు కూలిపోయే బెరిబెరి జబ్బు పుట్టింది. పల్లెలనుండి నగరానికి వచ్చినవారికి పట్టే జబ్బు గనుక దానికి ఎడో జబ్బు అనే పేరే పెట్టారు. తవుడుతో బాటు బి1 విటమిన్ పోవడమే కారణమని అప్పుడెవరికీ తెలియదు. బీదల తిండియైన సోబాలో ఆ విటమిన్ ఉన్నది. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో కూడా మర బియ్యం మూలంగా ఇదే జబ్బు ఒకప్పుడు ఉండేది. ఇంట్లో చోడి అంబలి కాస్తే నామోషీ అనుకొనేవారు ఈ మాట కాస్త ఆలోచించాలి.

సోబా చేయడం చూడముచ్చటగా ఉంటుంది. ఈ పిండికి గోధుమపిండికున్న జిగురు లేదు. అందుకని చాలాచోట్ల ఎనిమిది పాళ్లు సోబా పిండికి రెండు పాళ్లు గోధుమపిండి కలుపుతారు. ముద్ద చేసి, పొడవైన కర్రతో పలచగా ఒత్తి, చీర మడిచినట్టు మడతలు పెట్టి, పెద్ద కత్తితో దారాల్లా తరుగుతారు. జంతికల గొట్టంతో పని లేదు. మరిగే నీళ్లలో నిమిషమో, రెండు నిమిషాలో ఉంచి తీసి చన్నీళ్లలో కడుగుతారు.

ఇక విషయానికి వస్తాను. మా సంఘపు యౌవనస్థుడొకడు టోక్యోలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. నేను బయలుదేరే ముందు వాళ్లమ్మ ఒక సీసా మాగాయ తెచ్చి నా చేతికిచ్చి, "అయ్యగారూ, వాడు తిండి తింటున్నాడో లేదో మీ కళ్లతో చూసి రండి" అన్నది. ఆ మాట మీదనే అతన్ని వెతుక్కుంటూ వెళ్లాను. నిషి కసాయి అనే పేటలో ఉంటున్నాడు. అక్కడ మన దేశస్థులు చాలామంది ఉన్నారు. కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. తిండికి లోటు లేదు. కానీ మూడేళ్లుగా అతడు ఆఫీసు, గది, మన దుకాణాలు తప్ప మరో గడప ఎక్కలేదు. పక్క గదిలో ఎవరుంటున్నారో తెలియదు. ఆ గదైనా దొరకడానికి రెండు నెలలు తిరిగాడట. విదేశీయులకు ఇవ్వమని కొందరు ముఖం మీదే చెప్పారట. ఇది అతని ఒక్కడి అనుభవం కాదు. 2017లో జపాను న్యాయశాఖ వెల్లడించిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది, విదేశీయులమన్న కారణంగానే తమకు ఇల్లివ్వలేదని చెప్పారు.

"ఇక్కడివాళ్లు తినే చోట ఎప్పుడైనా తిన్నావా నాయనా?" అని అడిగాను.

"ఒక్కణ్ణే వెళ్లాలంటే బెరుకండీ అయ్యగారూ. గోడ మీద రాసింది చదవలేను. అందరూ నన్నే చూస్తారేమో అనిపిస్తుంది" అన్నాడు.

మరునాడు శనివారం. కాండా అనే ప్రాంతంలో 1891లో పూర్తయిన నికొలాయ్ దేవాలయమున్నది. గోపురం మీద సిలువ దూరానికే కనబడుతుంది. రష్యా మిషనరీ కట్టించినది. అది చూసి కిందికి నడిచి వస్తే పాత సోబా అంగళ్లున్న వీధులు వస్తాయి. వాటిలో ఒకటి 1880 నాటిది. 2013లో అగ్నిప్రమాదానికి గురై, 2014లో మళ్లీ తెరవబడింది. వాకిట్లో వరుస చాలా పొడవుగా ఉన్నందున మేము దాన్ని దాటి, సందులో ఉన్న ఒక చిన్న అంగడికి వెళ్లాము.

గుమ్మానికి నీలిరంగు గుడ్డ వ్రేలాడుతున్నది. ఆ గుడ్డ బయట ఉంటే అంగడి తెరిచి ఉన్నట్టు. లోపలికి తీస్తే మూసినట్టు. పక్కన ఒక కాగితం అంటించి ఉంది, కొత్త సోబా వచ్చిందని. శరదృతువులో కొత్త పంట పిండి రాగానే అలా వ్రాసిపెడతారట. మన ఇళ్లలో కొత్త బియ్యం వచ్చిన రోజు గుర్తుకు వచ్చింది. గుడ్డ తప్పించి లోపలికి వంగగానే, రండి రండి అని లోపలివాళ్లంతా ఒక్కసారి కేక వేశారు. మావాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఖాళీ బల్ల లేదు. వడ్డించే ముసలమ్మ మా ఇద్దరినీ చూసి, ఒక పెద్దాయన కూర్చున్న బల్ల దగ్గరకు వెళ్లి వంగి ఏదో అడిగింది. పరిచయం లేనివారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం అక్కడ మామూలే. కానీ అడిగి కూర్చోబెడతారు. ఆయన వెంటనే తల ఊపి, పక్క కుర్చీ మీదున్న తన సంచి తీసి కింద పెట్టుకొన్నాడు.

ఆ సంచి తీసి పెట్టుకోవడం చూస్తే నాకు కాసేపు మాట రాలేదు. ఎందుకో చెబుతాను. మా నాన్నగారి కాలంలో మా ఊరి టీ కొట్టులో మనవారికి గ్లాసు వేరు. తాగి, కడిగి, చూరులో దోపి రావాలి. బల్ల మీద కూర్చోవడం అనేది లేదు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో అనేకులకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. మనిషి పక్కన మనిషి కూర్చోవడం చిన్న సంగతి అని అనగలవారు, ఎన్నడూ లేవగొట్టబడనివారే.

ఇది వ్రాసి జపానును ఆకాశానికెత్తాలని నా ఉద్దేశం కాదు. వారి మధ్యకూడా వెలివాడలున్నవి. పశువులను కోయడం, తోలు పని, చనిపోయినవారి పని చేసినవారిని తరతరాలు అంటరానివారిగా ఎంచి దూరంగా ఉంచారు. వారిని బురాకుమిన్ అంటారు, అంటే పల్లెవారని. 1871లో ఆ భేదమును తీసివేస్తూ ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. ఆజ్ఞ వచ్చినంత మాత్రాన పెళ్లిళ్లలోను, ఉద్యోగాల్లోను వెలి పోలేదు. 1922 మార్చి 3న వారు క్యోటోలో కూడి సుయిహైషా అనే సంఘమును స్థాపించుకొన్నారు. వారి జెండా నల్లనిది. దాని మీద రక్తపు రంగులో ముళ్ల కిరీటము. వారు క్రైస్తవ సంఘముగా కూడినవారు కారు. ఆ దేశంలో క్రైస్తవులు నూటికి ఒక్కరు. అయినా తమ అవమానమును లోకానికి చూపించవలసి వచ్చినప్పుడు వారు ఎన్నుకొన్న గురుతు మన ప్రభువు తలమీద పెట్టబడినదే. అంటే, నా ఎదుట బల్లకు ఎంత చోటున్నదో, బల్ల దగ్గరకు రానివ్వబడని కథలు ఆ దేశంలోనూ అంత ఉన్నాయి. ఆ సంచి తీసిన పెద్దాయన ఏ ఇంటివాడో నేనెరుగను. నేనెవరినో ఆయన అడగలేదు.

వంటకాల పేర్లు చెక్క పలకల మీద వ్రాసి గోడకు తగిలించారు. మావాడు ఫోను కెమెరా వాటికి చూపించగానే ఇంగ్లీషులో అర్థాలు వచ్చాయి. మొదటిది నక్క సోబా. రెండవది చంద్రుని చూచు సోబా. "నక్క మాంసమా అయ్యగారూ!" అని గొంతు తగ్గించి అడిగాడు. అది నక్క కాదు, నూనెలో వేయించిన సోయా పనీరు ముక్క. నక్కలకు అదంటే ఇష్టమని వారి పాత నమ్మకం. చంద్రుడంటే పైన పగలగొట్టి వేసిన కోడిగుడ్డు. మేము ఏ కథా లేని చల్లని సోబా చెప్పాము, రెండు వేళ్లు చూపించి.

ఒక మాట శాకాహారులకు. కూర ముక్క కనబడకపోయినా ఆ పులుసులో చేప ఉంటుంది. ఎండబెట్టి, పొగ పట్టించి, కొయ్యలా గట్టిపడిన చేపను చెక్కుతీసి ఆ తురుముతో కాచిన రసమే దానికి ఆధారం. దానిలో సోయా సాసు, పంచదార, మిరిన్ అనే తియ్యని బియ్యపు సారా కలిపి మరిగిస్తారు. సారా అనగానే కొందరు నన్ను ప్రశ్నిస్తారని తెలుసు. మరిగి పులుసులో కలిసినదానికి, పక్క బల్లల మీద కొందరు తాగుతున్నదానికి తేడా ఉన్నదని నా అభిప్రాయం. రెండవది మాకు వద్దని చేయి ఊపితే ఎవరూ బలవంతం చేయలేదు. మరొకటి, కొందరికి సోబా గింజ పడదు. ఒళ్లు దద్దురెక్కి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. అందుచేత పొట్లాల మీద ఆ సంగతి వ్రాయాలని అక్కడి చట్టం. తెలియని కొత్త తిండి పసిపిల్లలకు పెట్టేవారు జ్ఞాపకముంచుకోవాలి.

మావాడు గోడ పైభాగం వైపు కళ్లతో చూపించాడు. అక్కడ చిన్న చెక్క గుడివంటి అర ఒకటి ఉన్నది. అంగడి వర్ధిల్లాలని వారి దేవతలకు పెట్టుకొనే అర అది. "ఇక్కడ తినవచ్చా?" అన్నాడు. మన పల్లెల్లో పండుగ రోజున పక్కింటినుండి గిన్నె వచ్చినప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. కొరింథులోని సంఘము కూడా దీన్నే అడిగింది. పౌలు మొదటి పత్రికలో ఎనిమిదవ, పదవ అధ్యాయాలు దీనికొరకే వ్రాశాడు. అంగట్లో అమ్మేదాన్ని ఆరాలు తీయకుండా తినమన్నాడు. ఇది అర్పించబడినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని నిమిత్తం మానమన్నాడు. మా యెదుటికి వచ్చింది అమ్మకపు భోజనమే గాని నైవేద్యం కాదు. నేను అతనికి అదే చెప్పాను.

సోబా వచ్చింది. లక్క పూసిన చట్రంలో వెదురు పుల్లల తడక, దాని మీద తడి ఆరని సోబా. పక్కన చిన్న గిన్నెలో పులుసు, ఉల్లికాడల తరుగు, ముక్కుకు ఘాటెక్కే పచ్చని వసాబి ముద్ద. మన పెళ్లి భోజనాల లెక్కన అది రుచి చూడటానికే సరి. మేము తలలు వంచి మెల్లగా ప్రార్థన చేశాము. కళ్లు తెరిచేసరికి పెద్దాయన కూడా తన పళ్లెం ముందు చేతులు జోడించి ఉన్నాడు. ఇతదాకిమాస్ అన్నాడు. తలమీదికెత్తి పుచ్చుకొంటున్నానని దాని మూలార్థం; భోజనానికి ముందు చిన్నపిల్లలు సైతం అంటారు. 1614 మొదలు 1873 వరకు క్రీస్తు నామమును ఒప్పుకోవడం నిషేధమైన దేశమది. ఆ కాలంలో సిలువ మీద, నిప్పులలో ప్రాణం పెట్టినవారు అనేకులు. మేమక్కడ ఒక బల్ల దగ్గర ఆమేన్ అన్నాము. ఎవరూ తల తిప్పలేదు.

తినే పద్ధతి చూడటానికి వింత. రెండు పుల్లలతో కొంచెమే ఎత్తి, కింది కొస మాత్రం పులుసులో తగిలించి, జుర్రున పీల్చాలి. పులుసు ఘాటైనది, మొత్తం ముంచితే సోబా రుచి పోతుంది. ఇక చప్పుడు తప్పు కాదు. గాలితో బాటు పీల్చితేనే ఆ గింజ వాసన ముక్కుకు అందుతుందని చెబుతారు. మన పెద్దలు సాసరులో టీ పోసుకొని జుర్రినట్టే. మావాడు ఆఫీసులో చప్పుడు కాకుండా తినడం అలవాటు చేసుకొన్నవాడు. చాలాసేపు మొహమాటపడి, చివరకు అందరితో బాటు జుర్రడం మొదలుపెట్టాడు. పుల్లలను తిండిలో నిలువుగా గుచ్చకూడదు. పుల్లలతో పుల్లలకు అందించకూడదు. ఆ రెండూ అక్కడ చావు ఇంటి పనులు.

పళ్లెం ఖాళీ అయ్యాక నేను లేవబోతుంటే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ముసలమ్మ ముక్కు ఉన్న ఎర్రని లక్క పాత్ర ఒకటి తెచ్చి మధ్యలో పెట్టింది. దానిలో ఉన్నవి సోబా ఉడికించిన నీళ్లు. తెల్లగా, చిక్కగా, పొగలు కక్కుతూ. మన గంజి! ఆయన తన గిన్నెలో మిగిలిన పులుసులో ఆ గంజి పోసుకొని కలిపి, ఇలా తాగాలని చూపించి, తరువాత పాత్ర మావాడి చేతికి అందించాడు. బియ్యం వార్చిన గంజిలో ఉప్పు వేసుకొని తాగి పొలం వెళ్లినవారి బిడ్డలం మేము. ఇంత దూరం వచ్చి, లక్క పాత్రలో, గౌరవంగా, భోజనానికి చివర గంజి తాగాము.

ఆ గంజి దగ్గర మాటలు కలిశాయి. మావాడికి వచ్చిన జపాను భాష కొంచెమే. ఎక్కడివారు అన్నాడాయన. ఇండియా అన్నాడు. ఎక్కడ ఉంటున్నావు, ఎన్నేళ్లయింది అన్నాడు. చెప్పాడు. "అయితే పక్కవాళ్లకు సోబా ఇచ్చావా?" అని అడిగి ఆయన నవ్వాడు. మావాడికి అర్థం కాలేదు. ఆయన చెప్పగా, ఫోను సాయంతో మాకు తెలిసిందేమంటే, జపాను భాషలో సోబా అనే శబ్దానికి పక్కన అని కూడా అర్థమున్నది. వ్రాతలో వేరు, పలకడంలో ఒకటే. అందుచేత ఎడో కాలమునుండి కొత్త ఇంట్లో దిగినవారు ఇరుగుపొరుగుకు సోబా పంచేవారు, మీ పక్కకు వచ్చాం, దయ చూపండి అని. మన దగ్గర కొత్తవారికి ఊరివారు మజ్జిగో కూరో ఇస్తారు. అక్కడ వచ్చినవాడే ముందు ఇవ్వాలి. ఇప్పుడు నగరాల్లో సోబాకు బదులు తువ్వాలో, సబ్బులో ఇస్తారట. చాలామంది అదీ మానేశారని ఆయనే చెప్పాడు.

లేచేటప్పుడు వంటవాళ్ల వైపు తిరిగి గొచిసోసమా అనాలి. మా కోసం పరుగులు పెట్టి శ్రమపడ్డారని అందులోని భావం. ఒక్కొక్కరికి వెయ్యి యెన్లయింది, మన లెక్కలో అయిదారు వందల రూపాయలు. పైన బక్షీసు ఇస్తే పుచ్చుకోరు. మరచిపోయారనుకొని వీధిలోకి వెంటబడి తెచ్చి ఇస్తారు.

రైలు స్టేషనుకు వెళ్లే దారిలో ఒక దుకాణం ముందు అతడు ఆగి ఎండు సోబా పొట్లాలు మూడు కొన్నాడు. కుడి పక్క, ఎడమ పక్క, కింది గది. "మూడేళ్లు ఆలస్యంగా ఇస్తే ఏమనుకొంటారో అయ్యగారూ" అన్నాడు. "తీసుకెళ్లి అడుగు బాబూ" అన్నాను.

నేను తిరిగి వచ్చిన తరువాత ఫోనులో చెప్పాడు. కుడి పక్కవారు తలుపు తీయలేదట, లోపల దీపం వెలుగుతున్నా. కింది గదివారు పొట్లం పుచ్చుకొని వంగి తలుపు వేసుకొన్నారట. ఎడమ పక్కన ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ మాత్రం రెండు రోజుల తరువాత ఒక సంచిలో అయిదు పెర్సిమన్ పండ్లు తెచ్చి, అతడు లేకపోతే తలుపు గడియకు తగిలించి వెళ్లిందట. ఆ పండ్లు ఎవరివో తెలుసుకోవడానికి ఆమె తలుపు కొట్టాడట. అప్పటినుండి చెత్త బుట్ట ఏ రోజు ఏది పెట్టాలో ఆమే చెబుతున్నదట.

డిసెంబరు 31 రాత్రి జపానులో ఇంటింటా సోబా తింటారు. పొడవుగా ఉండేది గనుక ఆయుస్సుకు గురుతు అంటారు. సులభంగా తెగేది గనుక గడచిన ఏటి కష్టాలు తెగిపోవాలని మరికొందరు అంటారు. వారికి అర్ధరాత్రి పన్నెండయితే మనకు ఎనిమిదిన్నర. మేము వాచ్‌నైట్ ఆరాధనకు మందిరంలో చాపలు పరుస్తుండగా అతని ఫోటో వచ్చింది. టోక్యోలో కొందరు తెలుగు విశ్వాసులు ఒక గదిలో కూడి ఆరాధన ముగించి, నేల మీద వరుసగా కూర్చొని సోబా గిన్నెలు పట్టుకొని ఉన్నారు. చివర ఒక ముసలావిడ కూడా ఉన్నది.

ఆ ఫోటో వాళ్లమ్మకు చూపించాను. ఫోను దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూసింది. "ఆ నల్ల సేమియాలో ఉప్పు సరిపోయిందేమో అడగండి అయ్యగారూ. మాగాయ ఇంకా ఉందో లేదో కూడా" అన్నది.